జుట్టులో తేనె

ఉదయం ఏడుంబావు.

హోటల్ రెండో అంతస్తులో స్టోర్ రూమ్. తలుపు సగం తెరిచి ఉంది.

లోపల నేల మీద ఒకామె బోర్లా పడి ఉంది. తల వెనుక ఎముక లోపలికి కుంగిపోయింది. రక్తం గోడ మీద మనిషెత్తు దాకా చిమ్మింది. కుడిచేతి వేళ్లు రెండు విరిగాయి. దెబ్బ కాచుకోబోయినట్టుంది. ఎడమచేతిలో గులాబీరంగు రిబ్బన్ చుట్ట అలాగే ఉంది.

ఆమె పెళ్లికూతురి పెద్దమ్మ కూతురు. అందరికీ రిబ్బనక్క. పై ఊళ్ల నుంచి వచ్చే చుట్టాలకి స్వాగతం సంచులు ఆమే తయారుచేసింది. ఒక్కో గదికి ఒక్కో గుడ్డ సంచి. అందులో రెండు తేనె సీసాలు, బిస్కెట్లు, దువ్వెన, ఊరి మ్యాపు, బ్యాండేజీల డబ్బా. పైన రిబ్బన్ పువ్వు. నిన్న సాయంత్రమే తలుపులన్నిటికీ తగిలించింది. ఇవాళ దిగేవాళ్ల కోసం మరికొన్ని స్టోర్ రూమ్‌లో ఉంచింది. అవి ఎన్నో ఆమెకొక్కదానికే తెలుసు.

లేడీ ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోనే ఆగింది. ఆమెకి పెళ్లై మూడు వారాలు. కాళ్లకి కొత్త షూస్, భర్త ముచ్చటపడి కొన్నవి. మడమ దగ్గర కరుస్తున్నాయి. అయినా మార్చబుద్ధి కాలేదు.

"కేసు తేలిపోయింది మేడమ్," అన్నాడు హెడ్ కానిస్టేబుల్. "పెళ్లికూతురి తమ్ముడు. చొక్కా నిండా రక్తం. రాత్రి అందరి ముందూ 'చంపేస్తా నిన్ను' అన్నాడట. జీపెక్కించేదా?"

"మా ఆయన్ని రోజుకి నాలుగుసార్లు చంపేస్తానంటాను. నిక్షేపంలా ఉన్నాడు. ఆగండి."

ఫోరెన్సిక్ ఆఫీసర్ శవం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఐదారు దెబ్బలు. బరువైనది, గుండ్రటి అంచున్నది. పడిపోయాక కూడా ఆపలేదు. జుట్టులో ఏదో జిగురు." గ్లవ్ వేసుకున్న వేలు వాసన చూశాడు. "తేనె."

ఇన్‌స్పెక్టర్ అక్కడున్న సంచులన్నీ విప్పి చూసింది. ఒక్క సీసా కూడా చిట్లలేదు. టార్చి వేసి నేలంతా వెతికింది. గాజు రవ్వ లేదు.

"సీసా పగలకుండా తేనె ఎక్కడిది?" అన్నాడు హెడ్.

"పగిలింది. సంచి లోపల. సంచి పిడులు పట్టుకుని దానితోనే కొట్టాడు. గాజు లోపలే ఉండిపోయింది. తేనె గుడ్డలోంచి ఊరింది. ఆ సంచి ఇక్కడ లేదు."

పెళ్లికూతురి తమ్ముడు కారిడార్‌లో గోడకి జారగిలబడి కూర్చున్నాడు. ఇరవై రెండేళ్లుంటాయి. చేతుల మీద రక్తం ఎండిపోయింది.

"రాత్రి ఎందుకు చంపేస్తానన్నావు?"

"నా గది సంచిలో రెండు దువ్వెనలు పెట్టింది మేడమ్. నాకు జుట్టు ఊడుతోందని. అందర్నీ పిలిచి మరీ చూపించింది."

"పొద్దున?"

"కాఫీ పట్టుకెళ్లాను. అక్కా అక్కా అంటూ తల ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాను. తల... చేతిలో మెత్తగా..."

ఇన్‌స్పెక్టర్ కుంటడం చూసి జేబులోంచి చిన్న డబ్బా తీశాడు.

"వేసుకోండి మేడమ్. బజార్లో దొరకవు. ఈ పెళ్లి కోసం అక్క స్పెషల్‌గా చేయించింది."

పసుపురంగు బ్యాండేజీ. దాని మీద బుల్లి బుల్లి ఎర్రటి హృదయాలు. శవం నాలుగడుగుల దూరంలో ఉన్నా, అది మడమకి అంటించుకుంటుంటే ఇన్‌స్పెక్టర్‌కి ప్రాణం హాయిగా అనిపించింది. వెంటనే సిగ్గేసింది.

చివరి గది తప్ప అన్నీ సోదా చేశారు. ఏ గదిలోనూ సంచి తక్కువ లేదు.

"పోయింది స్టోర్ రూమ్ సంచే మేడమ్," అన్నాడు హెడ్. "అక్కడికి వెళ్లింది ఈ కుర్రాడు. సాయంత్రం ఐదింటికి పెళ్లి. ఆలోగా వీణ్ణి స్టేషన్‌కి తీసుకెళ్లిపోతే నయం."

"సంచి మాయం చేసినవాడు చొక్కా మార్చుకోడా?"

హెడ్ మీసం దువ్వుకున్నాడు.

చివరి గది పెళ్లికొడుకు అక్కది. ఆమె భర్తని ఆడపెళ్లివారూ మగపెళ్లివారూ అందరూ బావగారనే పిలుస్తారు. నిండైన మనిషి. నవ్వుతూ ఎదురొచ్చాడు.

"రండి మేడమ్, రండి. మా సంచి అదిగో. మేం ముట్టుకోను కూడా లేదు."

నిజమే. రెండు సీసాలు, బిస్కెట్లు, దువ్వెన, మ్యాపు. బ్యాండేజీల డబ్బాకి కాగితం సీలు కూడా ఊడలేదు.

"పొద్దున ఎక్కడున్నారు?"

"ఇద్దరం ఇక్కడే. ఎనిమిదింటిదాకా మొద్దు నిద్ర. ఏమే?"

భార్య కిటికీ దగ్గర నిలబడి ఉంది. కింద కార్ల పార్కింగ్. ఆమె తలూపింది. ఎండ మండిపోతున్నా మణికట్టు దాకా చేతుల జాకెట్టు.

"మేడమ్‌కి నీళ్లివ్వు," అన్నాడు భర్త.

ఆమె జగ్గు ఎత్తింది. జాకెట్టు చెయ్యి వెనక్కి జరిగింది. మణికట్టు మీద పసుపురంగు. ఎర్రటి హృదయాలు. దాని చుట్టూ నల్లగా కమిలిన వేళ్ల గుర్తులు.

ఆమె చప్పున జాకెట్టు చెయ్యి కిందికి లాక్కుంది.

ఇన్‌స్పెక్టర్ నీళ్లు తాగింది. థాంక్స్ చెప్పి బయటికొచ్చింది. గేటు దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్లని నిలబెట్టమంది.

పదకొండింటికి అందర్నీ డైనింగ్ హాల్‌లో కూర్చోబెట్టారు. ఇరువైపుల పెద్దలు, పెళ్లికూతురు, ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిన తమ్ముడు. అతని వెనకే హెడ్.

"హంతకుడు తన గది సంచి చేత్తో పట్టుకునే స్టోర్ రూమ్‌కి వెళ్లాడు," అంది ఇన్‌స్పెక్టర్. "దానితోనే కొట్టాడు. రక్తం, తేనె అంటిన సంచి తిరిగి గదిలో పెట్టలేడు కదా? దాన్ని దాచేసి, అక్కడున్న కొత్త సంచి ఒకటి తెచ్చి పెట్టాడు. లెక్క తెలిసిన మనిషి చచ్చిపోయింది. ఇక అడిగేదెవరు?"

"ఏ గది మేడమ్?" అన్నాడు బావగారు, కాలు మీద కాలేసుకుని.

"మీదే. మీ సంచిలో డబ్బాకి సీలు ఉంది. మీ ఆవిడ చేతికి బ్యాండేజీ ఉంది. అదెక్కడిది?"

బావగారు కాలు దించాడు.

"ఓస్, అంతేనా! వాళ్లమ్మ ఇచ్చుంటుంది."

"నేనా?" పెళ్లికొడుకు తల్లి లేచి నిలబడింది. "దాని చేతికి దెబ్బ తగిలినట్టే నాకు తెలీదే! ఏమైందే నీకు?"

కూతురు తల ఎత్తలేదు. బావగారు నవ్వుతూనే ఉన్నాడు. కళ్లు మాత్రం నవ్వడం లేదు.

"చెప్పవే. తలుపు సందులో పడిందని చెప్పు."

ఇన్‌స్పెక్టర్ ఆమె ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "మీరు చెప్పకపోతే ఆ కుర్రాడు జైలుకెళ్తాడు. మీరు ఆ గదికే తిరిగి వెళ్తారు."

ఆమె పెళ్లికూతురి తమ్ముడి వైపు చూసింది. అతని చేతుల మీది రక్తం చూసింది.

"మా సంచిలోదే," అంది. "రాత్రి నేనే సీలు తీశాను."

"నోర్ముయ్!"

"రిబ్బనక్క పొద్దున కారిడార్‌లో నా చెయ్యి చూసింది. పెళ్లి కాకముందే మీ నాన్నకి చెప్పేస్తానంది. ఈయన తలుపు వెనకే ఉన్నారు."

బావగారు టేబుల్ మీది గాజు జగ్గు అందుకున్నాడు. మొదటి దెబ్బ అడ్డొచ్చిన హెడ్ నుదుటి మీద పడింది. చర్మం చీలి రక్తం కళ్లలోకి కారింది. పగిలిన పిడి గుప్పిట్లో బిగించి భార్య మీదికి దూకాడు. గాజు ఆమె చెవి కిందుగా గీసుకుపోయింది. ఇన్‌స్పెక్టర్ కుర్చీ అతని మోకాళ్లకేసి తన్నింది. బోర్లా పడ్డాడు. లేవబోతే కొత్త షూతో మణికట్టు తొక్కిపట్టింది. ఎముక టక్కుమంది. గాజు జారిపోయింది. అయినా రెండో చేత్తో ఇన్‌స్పెక్టర్ జుట్టు పట్టి లాగాడు. మోచేత్తో ముక్కు మీద ఒక్కటిచ్చింది. అప్పటికి గాని వదల్లేదు.

బేడీలు పడ్డాయి.

"మా కారు స్టెప్నీ టైరు కింద చూడండి మేడమ్," అంది భార్య, మెడ మీది రక్తం కొంగుతో అదుముకుంటూ. "ఆరున్నరకి కిటికీలోంచి చూశాను. ఎనిమిదేళ్లుగా చూస్తూ ఊరుకోవడం అలవాటైపోయింది."

కారు డిక్కీలో సంచి దొరికింది. గుడ్డ ఎర్రగా అట్టకట్టింది. లోపల గాజు పెంకులు, తేనె, సీలు తీసిన డబ్బా. డబ్బాలో ఒక బ్యాండేజీ తక్కువ.

పెళ్లి వాయిదా వేశారు. పెళ్లికొడుకు అక్కకి వేరే గది ఇమ్మని ఇన్‌స్పెక్టర్ మేనేజర్‌కి చెప్పింది.

వెళ్లబోతూ ఆ గది ముందు ఆగింది. పెళ్లికూతురి తమ్ముడు స్నానం చేసి వచ్చి తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. స్టోర్ రూమ్ సీల్ చేశారు. అందుకని తన సంచే తెచ్చాడు. రిబ్బనక్క కట్టిన పువ్వు చెదరకుండా పక్కకి జరిపి, లోపల చెయ్యి పెట్టి ఒక దువ్వెన బయటికి తీశాడు. దాన్ని చొక్కా జేబులో, గుండె మీద పెట్టుకున్నాడు.

సంచి తలుపుకి తగిలించి, వేలితో మెల్లగా తట్టాడు.

"వదినా," అన్నాడు. "మీ సంచి."