చలిగదిలో చేతులు

మా బిల్డింగ్ నేలమాళిగలో, మెట్లు దిగగానే ఎడమ పక్కన ఒక చలిగది ఉంది. పట్టపగలైనా అందులోకి ఒంటరిగా వెళ్ళడానికి ఎవరికీ మనసొప్పదు. తప్పక వెళ్ళినవాళ్ళు పైకి వినపడేలా పాట పాడుకుంటూ పని చూసుకుంటారు. పొద్దుగూకాక అయితే — వద్దులే, రేపు చూద్దాం అంటారు.

దాని తలుపు జానెడు మందం. మూసుకుందంటే లోపలి మాట బయటికి రాదు, బయటి మాట లోపలికి పోదు. లోపల్నుంచి తెరవాలంటే గడియని భుజంతో ఒడుపుగా నెట్టాలి. ఆ ఒడుపు అందరికీ చేతకాదు.

ఎప్పుడో సోవియట్ రోజుల్లో లిదియా అని ఒకావిడ మా ల్యాబ్‌లో పనిచేసేదట. ఏవో నమూనాలు పాడైపోతే, నీ చేతులు మురికివి అని అందరి ముందూ అన్నారట. ఆ సాయంత్రం ఆవిడ ఇంటికి పోలేదు. చలిగదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. తెల్లారి చూస్తే... కూర్చున్నది కూర్చున్నట్టే ఉంది. రెండు అరచేతులూ ఎవరికో చూపిస్తున్నట్టు ముందుకి చాపి ఉన్నాయట.

అప్పట్నుంచి చీకట్లో ఎవరు ఒంటరిగా దొరికినా చెవి దగ్గరకొచ్చి అడుగుతుందట —

"నా చేతులు చూడు... శుభ్రంగా లేవూ?"

బయటివాళ్ళకి ఇది నవ్వులాట. మాకు కాదు. మా బతుకంతా చేతుల మీదే నడుస్తుంది మరి. మేం పనిచేసేది ఆర్‌ఎన్‌ఏ మీద. దానంత సుకుమారం ఇంకోటి లేదు. ఒట్టి వేలు తగిలితే చాలు, ఆ వేలి చెమట దాన్ని కొరికేస్తుంది. నెలల తరబడి పోగుచేసింది టీ చల్లారేలోగా మాయమైపోతుంది. ట్యూబులో నీళ్ళు నీళ్ళలాగే కనిపిస్తాయి... అందులో ఏమీ ఉండదు. అందుకే ట్యూబు తెరిచినప్పుడు మేం మాట్లాడం, దగ్గం, ఊపిరి కూడా పక్కకి తిరిగి వదులుతాం.

ఇప్పుడు చెప్పబోయే సంగతి నాకు రౌషన్ చెప్పింది. నేను ఆ ల్యాబ్‌లో చేరేసరికే అంతా జరిగిపోయింది. ఒకసారి ఆల్మటీలో విపరీతంగా మంచు పడి, బస్సులు ఆగిపోయి, ఇద్దరం ల్యాబ్‌లోనే చిక్కుకున్నప్పుడు చెప్పింది. చెప్తున్నంతసేపూ నా ముఖం చూడలేదు.

రౌషన్ అప్పట్లో పరిశోధక విద్యార్థిని. ఆమెకి పని నేర్పింది కులాష్ అపాయ్. అపాయ్ అంటే మా దగ్గర అక్కా, టీచరమ్మా అన్నట్టు. కొండవాలు తోటల్లో పాత ఆపిల్ చెట్లకి ఒక రోగం పట్టింది. పండు తోలంతా గరుకుగా పెచ్చులు కడుతుంది. ఆ రోగాన్ని తెచ్చేది పురుగూ కాదు, బూజూ కాదు — ఒట్టి ఆర్‌ఎన్‌ఏ ముక్క. ఏ చెట్టు ఆకులో అది ఉంది, ఏ చెట్టు ఇంకా శుభ్రంగా ఉంది అని వెతకడమే వాళ్ళ పని. జీవితమంతా ఆ కొండలు తిరిగిన మనిషి కులాష్ అపాయ్. ట్యూబు ఎలా పట్టుకోవాలన్న దగ్గర్నుంచి రౌషన్ ఆవిడ దగ్గరే నేర్చుకుంది.

ఒకరోజు పని మధ్యలో రౌషన్‌కి అమ్మ దగ్గర్నుంచి ఫోనొచ్చింది. కుడిచేతి గ్లోవ్ తీసి మాట్లాడింది. తిరిగొచ్చి, ఆదమరిచి, ఒట్టి చేత్తోనే అందరూ వాడే నీళ్ళ సీసా మూతి పట్టుకుంది. వెంటనే గుర్తొచ్చింది. ఆ సీసా పారబొయ్యాలి. పారబోస్తే ఎందుకని అడుగుతారు. ఏం కాదులే అనుకుని గ్లోవ్ తొడుక్కుంది.

ఆ వేసవిలో తెచ్చిన ఆకుల నమూనాలన్నీ ఆ సీసా నీళ్ళు కలపడంతోనే పోయాయి. ఒక్కటి మిగల్లేదు.

ల్యాబ్ పెద్ద ఎర్మెక్ అగాయ్ — అగాయ్ అంటే మా దగ్గర సారు అన్నట్టు — మీటింగ్ పెట్టాడు. ఎవరి వల్ల జరిగిందని అడిగాడు. ఇలియాస్ అని ఒక కుర్రాడు ఉండేవాడు, నోటి దురద మనిషి.

"అపాయ్ చేతులు ఈమధ్య గుర్రప్పాల కుమిస్ చిలుకుతున్నట్టు ఊగుతున్నాయి కదా," అన్నాడు.

కొందరు నవ్వారు. ఎర్మెక్ అగాయ్ రౌషన్ వైపు తిరిగాడు. "నీది పక్క బల్లే కదా. నువ్వేమంటావ్?"

రౌషన్ బల్ల వైపు చూస్తూ అంది — "అపాయ్ అప్పుడప్పుడూ... గ్లోవ్స్ మర్చిపోతుంటారు."

అంతే. ఒక్క మాట.

కులాష్ అపాయ్ తలతిప్పి ఆమెని చూసింది. తర్వాత తన చేతులు చూసుకుంది. మెల్లగా వాటిని బల్ల కిందికి దించేసుకుంది.

ఆకులు రాలే రోజులకి ఆవిడని రిటైర్ చేసి పంపేశారు. పూలిచ్చారు, కేకు కోశారు. శాలువా నువ్వే కప్పు, నీకు గురువు కదా అని రౌషన్‌నే ముందుకి తోశారు. కప్పింది. ఆవిడ భుజాలు చేతికి తగిలినప్పుడు, ఎంత సన్నబడిపోయిందో తెలిసిందట.

ఇక ఆ డిసెంబరు సాయంత్రం.

ఇలియాస్ కొడుకు పుట్టిన నలభయ్యో రోజు వేడుకని అందరూ పెందలాడే వెళ్ళిపోయారు. రౌషన్ వెళ్ళలేదు. అప్పటికే నలుగురిలో కూర్చోవడం మానేసింది. బయట చీకటి పడింది. పైనున్న ఫ్రిజ్ మొరాయించింది. అందులో తర్వాత మళ్ళీ కోసుకొచ్చిన ఆకుల పెట్టె ఉంది. దాన్ని కిందికి చేర్చకపోతే పాడైపోతుంది.

మెట్ల దగ్గర కాపలా ఉండే సాబిత్ తాత టీ తాగుతున్నాడు.

"కిందికా? లిదియాకి నా సలాం చెప్పు తల్లీ."

"మీరూ రండి తాతా, మీరే చెబుదురు."

"నా మోకాళ్ళు దిగవే. భయం కాదు సుమా." అని, గొంతు తగ్గించాడు. "అయినా... రేపు పెట్టుకోరాదూ? ఈమధ్య కింద నీళ్ళ చప్పుడు వినబడుతోంది. కొళాయి లేని చోట నీళ్ళేమిటో..."

రౌషన్ నవ్వేసి దిగింది. నవ్వు మెట్ల మధ్యలోనే ఆగిపోయింది.

చలిగది స్విచ్ బయట ఉంటుంది. నొక్కింది. వెలగలేదు. ఫోను పైన కోటు జేబులో ఉంది. వెనక్కెళ్తే మళ్ళీ దిగలేనని ఆమెకి తెలుసు. ఒక ఖాళీ డబ్బా కాలితో జరిపి తలుపుకి అడ్డం పెట్టి, నడవలోంచి వచ్చే వెలుతుర్లో లోపలికి నడిచింది. చివరి అర దగ్గరికి చేరిందో లేదో... వెనక డబ్బా జారిన చప్పుడు.

తలుపు — ధప్.

చీకటి. కళ్ళు మూసినా తెరిచినా ఒకటే చీకటి.

చల్లబరిచే యంత్రం కాసేపు గుర్రుమని ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో వినిపించింది... తడిగుడ్డ పిండినట్టు. చుక్కలు... ఒకటి... ఇంకొకటి...

ఆగింది.

ఊపిరి. రౌషన్ తన ఊపిరి బిగబట్టింది. అయినా వినబడుతూనే ఉంది.

"ఎవరది?" — గుసగుస.

రౌషన్ చేతిలో పెట్టె జారి కిందపడింది. ఆకులు నేలంతా చెదిరిన చప్పుడు. అటువైపు నుంచి ఏదో కదిలింది. మెత్తగా... పాదాలు నేలకి ఆనీ ఆననట్టు... దగ్గరికి... ఇంకా దగ్గరికి...

"చేతులు..."

ఆమె ఒట్టి మణికట్టు మీద ఏదో ఆనింది. మంచులా చల్లగా, తడిగా. చర్మంలా లేదు — అంతకంటే నున్నగా ఉంది.

రౌషన్ నేల మీద కూలబడింది. ఆపైన తన నోరు తన మాట వినలేదని చెప్పింది.

"నీ చేతులు శుభ్రమే అమ్మా... శుభ్రమే. కులాష్ అపాయ్ చేతులు కూడా శుభ్రమే. నావే... మా అమ్మ ఫోన్ చేసింది, గ్లోవ్ తీశాను, ఒట్టి చేత్తో సీసా ముట్టుకున్నాను. నాకు తెలుసు. అప్పుడే తెలుసు. మీటింగ్‌లో అబద్ధమాడాను. ఆవిడ నన్ను చూసింది, అయినా ఒక్క మాట అనలేదు. శాలువా కూడా కప్పాను. నన్నేమైనా చెయ్యి, ఇక్కడే చంపెయ్యి... ఆవిడ చేతుల్లో ఏ తప్పూ లేదు..."

మణికట్టు మీది చల్లదనం తొలిగింది.

తర్వాత చీకట్లోంచి, మామూలు గొంతు, కాస్త బొంగురుగా —

"లేవ్వే పిల్లా. సిమెంటు నేల మీద కూర్చుంటే కిడ్నీలకి చలి పడుతుంది."

చిన్న టార్చి వెలిగింది.

కులాష్ అపాయ్.

పాత కోటు, ఉన్ని బూట్లు, చేతులకి తెల్ల గ్లోవ్స్. వాటి మీంచి నీళ్ళు కారుతున్నాయి. ఆవిడ వెనక తడిగుడ్డలో చుట్టిన ఆపిల్ కొమ్మల కట్టలు.

రౌషన్ లేవలేకపోయింది. దెయ్యమైతే బాగుండును అనుకుందట. ఆ క్షణంలో నిజంగా అదే కోరుకుందట.

"పై తోటలో చివరి శుభ్రమైన చెట్టుని కొట్టేశారు, ఇళ్ళు కడుతున్నారుగా," అంది అపాయ్, కట్టల వైపు టార్చి తిప్పుతూ. "దాని కొమ్మలు ఇవే మిగిలాయి. ఎర్మెక్ ఈ గది ఖాళీ చేయిస్తున్నాడని విన్నా, అందుకే ఇవాళ తీసుకుపోదామని వచ్చా. వసంతం వచ్చేదాకా వీటిని తడారనివ్వకూడదు. అప్పుడు అంటు కట్టుకోవాలి. నా తాళం చెవి తిరిగివ్వలేదు నేను. సాబిత్ నమాజుకి లేచినప్పుడల్లా దొంగలా దిగుతున్నా. బల్బు కూడా నేనే వదులు చేశా. ఈ వయసులో..."

"అపాయ్... మొదట్లోనే నన్ను ఆపి ఉండొచ్చు కదా."

"ఆకుల్ని చేతులతో ముట్టుకోకు, గ్లోవ్స్ లేవు నీకు అందామని నోరు తెరిచా. ఈలోగా నువ్వు మొదలెట్టావ్." కొమ్మల మీది గుడ్డ సర్దింది. "ఆ తర్వాత ఆపాలనిపించలేదే. వినాలనిపించింది. నాదీ తప్పే."

"మీకు ముందే తెలుసా?"

"సీసా మూతి నీ చేతి క్రీమ్ వాసన కొట్టింది."

"మరి చెప్పలేదేం?"

"నువ్వే చెప్తావనుకున్నా. మీటింగ్ లేచేదాకా చూశా. తర్వాత బస్టాపులో కూడా నిలబడ్డా, పరిగెత్తుకుని వస్తావేమోనని. వచ్చిన బస్సుల్ని వచ్చినట్టు వదిలేశాను."

రౌషన్ ముఖం చేతుల్లో దాచుకుంది.

"లిదియాకి చెప్పాననుకున్నావు కదూ?" అంది అపాయ్. "లిదియా చావలేదే. కూతురి దగ్గరికి సరాతొవ్ వెళ్ళిపోయింది. చాలా ఏళ్ళు నాకు కొత్త సంవత్సరానికి కార్డులు పంపేది. ఆవిడని సాగనంపిన వాళ్ళకి ఆవిడ ఎక్కడో బతికుందని తలుచుకోవడం కష్టమైంది. చచ్చిపోయిందనుకోవడం తేలికైంది. అంతే ఈ కథ."

టార్చి ఆర్పింది. చీకట్లోనే అంది —

"నువ్వూ దెయ్యానికైతే చెప్పగలిగావు. మా ఇల్లు నీకు తెలుసు కదే."

అపాయ్ భుజంతో గడియ నెట్టి తలుపు తెరిచింది. ఇద్దరూ కొమ్మల కట్టలు పట్టుకుని మెట్లెక్కారు. పాలిపోయిన ముఖంతో, తెల్లటి చేతులతో, చంకలో కొమ్మలతో నేలమాళిగలోంచి వస్తున్న ఆవిడని చూసి సాబిత్ తాత చేతిలో గ్లాసు జార్చేశాడు. "బిస్మిల్లా... బిస్మిల్లా..." అంటూ గోడకి అతుక్కుపోయాడు. ఆ తాతని చూసి నవ్వు రావాలి. ఇద్దరిలో ఎవరికీ రాలేదు.

తర్వాతి మీటింగ్‌లో రౌషన్ లేచి నిలబడి అంతా చెప్పింది. ఇలియాస్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఎర్మెక్ అగాయ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"అయిపోయిందిగా. ఇప్పుడు దీన్ని ఎందుకు కెలకడం?"

"అయిపోలేదు అగాయ్. ఆవిడ తన కొమ్మల కోసం దొంగలా చీకట్లో దిగాల్సొచ్చింది."

ఆయన ముఖం కందగడ్డలా అయింది. ఆదివారం నాడు తనే కేకు కొని, రౌషన్‌ని వెంటబెట్టుకుని అపాయ్ ఇంటికి వెళ్ళాడు.

అపాయ్ ఇద్దరినీ లోపలికి పిలిచి, పెద్దలు కూర్చునే పై స్థానంలో కూర్చోబెట్టింది. నూనెలో వేయించిన బావుర్సాకులు పెట్టింది. ఎర్మెక్ అగాయ్ తిరిగి రమ్మన్నాడు, బల్ల అలాగే ఉందన్నాడు, తొందరపడ్డానన్నాడు. ఆవిడ అన్నీ వింది. "రాను" అంది. కోపంగా కూడా అనలేదు. టీ పొయ్యడం మొదలుపెట్టింది.

మా దగ్గర చుట్టం ఉండాలనుకుంటే పియాలాలో, అంటే టీ గిన్నెలో, అడుగునే కొంచెం పోస్తారు, మళ్ళీ మళ్ళీ పోయొచ్చని. నిండా పోశారంటే, తాగి బయల్దేరమని.

ఎర్మెక్ అగాయ్ పియాలా అంచుదాకా నిండింది. ఆయన దాన్ని చూశాడు. వేడివేడిగానే తాగేసి, కోటు తీసుకుని లేచాడు.

రౌషన్ పియాలాలో కొంచెమే పోసింది.

"నన్ను తిట్టినా పడేదాన్ని," అంది రౌషన్ నాతో. "నిండా పోసి పంపేసినా పడేదాన్ని. ఆ కొంచెం టీ మాత్రం గొంతు దిగలేదు."

ఎప్పటికో మింగింది. తల ఎత్తకుండానే ఖాళీ పియాలాని ముందుకి జరిపింది.

అపాయ్ మళ్ళీ కొంచెమే పోసింది.