పసుపంటిన పాఠం

మధ్యాహ్నం పాఠాలు అయ్యేసరికి పుస్తకం మల్లిక చేతికొచ్చింది. తొమ్మిదేళ్ల మల్లికకు కాళ్లు నేల మీద నిలవలేదు.

అది 1988. రంగూన్‌లో జనం తిరగబడ్డారు, వీధుల్లోకి సైనికులొచ్చారు, బళ్లన్నీ మూతపడ్డాయి. ఆ ఊళ్లోనే అహ్లోన్ పేటలో చర్చి వెనక షెడ్డులో సిస్టర్ ఫిలోమినా మాత్రం ఇరవైమంది పిల్లలకు చదువు చెప్పేది, అదీ గొంతు పెంచకుండా. పై దేశాల పుస్తకాలు రావడం ఎప్పుడో ఆగిపోయింది. ఉన్నది ఒకే ఒక్క ఇంగ్లీషు వాచకం. చాలా ఏళ్ల కిందట ఐర్లండ్‌లో ఒక చిన్న పల్లెటూరి కేథలిక్ బడి పిల్లలు పంపినది. రోజుకొకరు దాన్ని ఇంటికి తీసుకెళ్లి, రాసుకుని, మర్నాడు తేవాలి.

ఇంట్లో దసరా పూజ. నాన్న రేవులో బస్తాలెత్తే కొక్కేన్నీ, అమ్మ కత్తిపీటనూ మామ్మ సన్యాసమ్మ పీట మీద పెట్టి బొట్లు పెడుతోంది. పుస్తకాలు కూడా పెట్టమంది. తెల్లారేదాకా ముట్టకూడదంది.

అట్టకు ఒక బొట్టు చాలు. కానీ మల్లికది ధారాళమైన చెయ్యి. తనకు నచ్చిన పాఠం తెరిచి, అక్కడ కూడా ఇంత తడి పసుపు పెట్టి మూసేసింది. వానలో బడికెళ్లే పిల్లల పాఠం అది.

తెల్లారి చూస్తే రెండు పేజీలూ అతుక్కుపోయాయి. లాగింది. పర్రుమని చిరిగాయి, సగం అక్షరాలు ఊడిపోయాయి.

బడికెళ్లి, పుస్తకం ఇంట్లో మర్చిపోయానని చెప్పింది. ఆ రోజు వంతు జోగిది. వాడు తెరిచిన సంచీ తెరిచినట్టే పట్టుకుని ఇంటికెళ్లాడు. మల్లికకు చాలా బాధేసింది.

సాయంత్రం మామ్మకు అంతా చెప్పి ఏడ్చింది.

"ఏడిస్తే అచ్చరాలు తిరిగొస్తాయేటి? ముందు మీ టీచరమ్మకి నిజం సెప్పు" అంది మామ్మ.

మర్నాడు మల్లిక అందరి ముందూ నిలబడింది. "సయామా, పుస్తకం నానే సింపేసినాను. నిన్న అబద్దం కూడా ఆడినాను."

బర్మాలో టీచరమ్మను సయామా అంటారు. సిస్టర్ పసుపు మరకను వేలితో నిమిరింది. తిట్టలేదు.

వాన పాఠం ఎవరెవరు రాసుకున్నారని మల్లికే అడిగింది. ముగ్గురు చేతులెత్తారు. ఒకరి దగ్గర మొదలుంది, ఒకరి దగ్గర చివరుంది, మధ్యది, పోయినసారి వంతులో రాసుకున్నది, జోగి దగ్గరుంది. మూడూ కలిపి, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, చిరిగిన చోట అతికించింది.

అక్కడితో ఆగలేదు. రేవులో పారేసిన కాగితాలు నాన్న తెచ్చాడు. వాటి వెనక వైపు ఖాళీ. పిల్లలందరి నోటుబుక్కులూ అడిగి తెచ్చుకుని, రోజుకో పాఠం రాసింది. జోగి పక్కన కూర్చుని తప్పులు పట్టాడు, కాస్త ఎక్కువగానే పట్టాడు. ఇరవై మూడు రోజులకు రెండో పుస్తకం తయారైంది.

సిస్టర్ దాన్ని మొదటి పేజీ నుంచి చివరిదాకా తిప్పింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "ఇకనుంచి రోజుకు ఇద్దరు తీసుకెళ్లండి. ఇప్పుడు వాన పాఠం చదవండి. గట్టిగా చదవండి" అంది.

ఇరవై గొంతులు ఒక్కసారిగా లేచాయి. చర్చి గేటు బయట వీధిలో వెళ్లేవాళ్లు ఆగి విన్నారు.

కొత్త పుస్తకం మొదట జోగికే. ఇచ్చేముందు మల్లిక కుంకుమ పొట్లం తీసి అట్ట మీద బొట్టు పెట్టింది. చిన్నది, పొడిది. పైన రాలిన కుంకుమను ఉఫ్‌మని ఊది, వాడి సంచీలో తనే పెట్టింది.