శారోన్ తరఫున క్షమాపణ

రాజోలు దగ్గరి ఆ ప్రైవేటు స్కూల్లో సైన్స్ టీచరుగా చేరిన మొదటి రోజే శారోన్, ఆఫీసు చూసుకునే క్రాంతికుమార్‌తో గొడవ పడింది.

"లేటండీ మీరు."

"మీ గోడ గడియారం ఫాస్టండీ. దానికి వేసుకోండి ఆబ్సెంటు."

అంతే, మనవాడు పడిపోయాడు. అప్పట్నుంచీ ఆమె ఏదో ఒకటని ఏడిపించడం, ఇతను చెవులదాకా నవ్వడం. స్టాఫ్‌రూమంతటికీ తెలిసిపోయింది. ఆమెతో చెప్పే ధైర్యమే లేదు పెద్దమనిషికి.

గాంధీ జయంతి సెలవునాడు శారోన్ తన ఊరి గ్రామసభలో మైకు పట్టుకుంది. రొయ్యల చెరువుల ఉప్పునీళ్ళు బోర్లలోకి దిగుతున్నాయని, పిల్లలు ఆ నీళ్ళే తాగుతున్నారని అంది. ఆ చెరువుల్లో సగం స్కూలు కరస్పాండెంటు సోమేశ్వరరావుగారివే.

మర్నాడు ఆయన క్రాంతిని పిలిచారు. "ఆ అమ్మాయిని తీసేయవయ్యా."

సెలవురోజు, సొంతూళ్ళో, స్కూలు పేరెత్తకుండా మాట్లాడిందండీ అనొచ్చు. అనలేదు. చేతులు కట్టుకుని, "ఎవరో ఎక్కించేరండీ. తప్పయిపోయిందని ఏడుస్తోందండీ. ఈసారికి వదిలేయండి, నాదీ పూచీ" అన్నాడు.

ఆయన కరిగారు. క్రాంతి గాల్లో తేలిపోయాడు.

సాయంత్రం వాన. గేటు దగ్గర ఆటో కోసం చూస్తున్న శారోన్ దగ్గరికి గొడుగేసుకుని పరిగెత్తాడు.

"మీ ఉద్యోగం నిలబెట్టేనండీ!"

"నేనెప్పుడు ఏడ్చేనండీ?"

అతని నవ్వు ఆగిపోయింది.

"టీచరమ్మ ఏడ్చి తప్పొప్పుకుందని మీ సార్ అప్పుడే మా సర్పంచ్‌గారికి ఫోన్ చేసేరు. ఆయన నాకు చేసేరు. ఇక ఆ నీళ్ళ గురించి ఎవరు నోరెత్తుతారండీ? ఉద్యోగం పోతే పోయేది. నా మాట ఉండేది."

"మీరంటే ఇష్టమండీ. రోజూ కనిపించరేమోనని భయమేసిందండీ." ఇన్నాళ్ళూ రాని మాట, రాకూడని వేళ వచ్చింది.

శారోన్ కళ్ళు చెమర్చాయి. "నాకూ ఇష్టమేనండీ. అందుకే అడుగుతున్నా. ఇప్పుడే లోపలికెళ్ళి, శారోన్ చెప్పింది నిజమేనండీ అనండి. చాలు. ఉద్యోగం నేనే మానేస్తా."

క్రాంతి ఆఫీసు వైపు చూశాడు. వరండాలో సోమేశ్వరరావుగారు నిలబడి వాన చూస్తున్నారు. పట్టుమని పది అడుగులు లేవు.

"రేపు చెబుతానండీ... ఆయన మంచి మూడ్‌లో ఉన్నప్పుడు..."

ఆటో వచ్చి ఆగింది.

"ఆయ్. అలాగే కానివ్వండి. వెళ్ళొస్తానండీ" అని నమస్కారం పెట్టి ఎక్కింది శారోన్.

అంత మర్యాదగా ఆమె అతనితో ఏనాడూ మాట్లాడలేదు.