ఇసుక పట్టని కొండ

ఉదయం ఆరున్నరకి రోవీనా ఓట్స్ గంజి గిన్నెలో పోసి తండ్రి ముందు పెట్టింది. అల్వా చెంచా ముట్టుకోలేదు. కిటికీలోంచి పాకం కాచే షెడ్డు వైపు చూస్తున్నాడు. రాత్రంతా గడ్డకట్టే చలి, ఇప్పుడు నెమ్మదిగా ఎండ. మేపుల్ చెట్ల నుంచి నీరు కారడానికి మార్చి నెలలో ఇంతకంటే మంచి రోజు దొరకదు. ఇలాంటి రోజున ఆయన ఈపాటికి పొయ్యి ముందు ఉండాలి.

"చల్లారిపోతోంది నాన్నా, తిను."

"పదింటికి గాన్యోన్ వస్తానన్నాడు."

"కలప కొనే గాన్యోనా? ఎందుకు?"

"కొట్టాల్సిన చెట్లకి రంగు గుర్తులు పెట్టడానికి."

రోవీనా చేతిలోని కాఫీ కెటిల్ అలాగే ఆగిపోయింది. "ఎన్ని చెట్లు?"

"అన్నీ."

వెర్మాంట్‌లోని ఆ కొండ మీద వెయ్యికి పైగా మేపుల్ చెట్లు ఉన్నాయి. ఒక్కొక్కటి చేతికి రావడానికి నలభై ఏళ్లు పట్టింది. నలభై గ్యాలన్ల చెట్టునీళ్లు మరిగిస్తే ఒక గ్యాలన్ పాకం దిగుతుంది. మిగిలిన ముప్పై తొమ్మిదీ ఆవిరైపోవాల్సిందే, అక్కడ ఎవరి తెలివీ పనిచేయదు. కానీ నీరు ఆవిరైపోతే అందులో ఉన్న సున్నంలాంటి ఖనిజం ఎక్కడికీ పోదు. పాకం చిక్కబడే ముందు పెనం అడుగున తెల్లగా పట్టేస్తుంది. ఆ చుట్టుపక్కల దాన్ని ఇసుక అంటారు. అది మందమయ్యే కొద్దీ మంట వేడి పాకానికి అందదు. పెనం అడుగు మాడుతుంది, పాకం నల్లబడి చేదెక్కుతుంది. అందుకే మిగతావాళ్లంతా రోజూ పెనం మార్చి కడుక్కుంటారు.

అల్వా ఒక్కడే మార్చేవాడు కాదు. సీజన్ అయ్యాక ఒక్కసారి కడగడమే. "మా కొండ నీళ్లలో ఇసుక లేదు. మా నాన్న కాలం నుంచీ లేదు" అని ఊళ్లో ఎక్కడ నిలబడినా చెప్పేవాడు. ఎవరూ కాదనలేకపోయేవారు. ఆయన పాకం ఎప్పుడూ తేనె రంగులోనే ఉండేది.

నవంబరులో ఆయన భార్య ఐడెల్లా పోయింది. ఈ సీజన్ మొదలైన మూడో రోజుకే పెనం అడుగు తెల్లబడింది. ఆయన ఇనప బద్దతో గీకాడు. రెండు రోజుల్లో మళ్లీ పట్టింది. మళ్లీ గీకాడు. నిన్న పెనం మాడింది, రోజంతా మరిగించిన పాకం పారబోయాల్సి వచ్చింది.

"ఒక్క పెనం మాడితే కొండంతా కొట్టేస్తావా?" అంది రోవీనా.

"పెనం సంగతి కాదే. నేల చెడింది. నలభై ఒక్క సీజన్లు చూశాను, ఒక్కనాడు ఇంత ఇసుక లేదు. మీ అమ్మతోపాటు చెట్ల సత్తువ కూడా పోయింది. చచ్చిన చెట్ల కింద కట్టెలు తగలేసుకుంటూ కూర్చోమంటావా?"

"చెట్లకేం కాలేదు."

"నీకేం తెలుసు? పందొమ్మిదేళ్లకే బస్సు నడుపుకుంటానని ఊరొదిలి వెళ్లావు. ఇప్పుడొచ్చి నాకు చెట్ల గురించి చెబుతావా?"

రోవీనా గిన్నెలు తీసుకుని తొట్టి దగ్గరికి వెళ్లిపోయింది. చెప్పాల్సిన మాట ఒకటుంది. అది చెబితే తాను చేసింది కూడా చెప్పాలి.

గాన్యోన్ చెప్పిన వేళకే వచ్చాడు. బురదలో బండి ఆపి, నీలం రంగు డబ్బా పట్టుకుని దిగాడు. లావుపాటి మనిషి, నోరు ఊరుకోదు.

"ఏం పెద్దాయనా, ఇసుక లేని కొండకి చివరికి ఇసుక పట్టిందట! ఊరంతా చెప్పుకుంటున్నారు."

"నవ్వడానికి వచ్చావా, పని మీద వచ్చావా?"

"రెండూ చేస్తాను. నవ్వుకి వేరే లెక్క లేదులే. ఎక్కడి నుంచి మొదలెట్టమంటావు?"

అల్వా షెడ్డు పక్కన ఉన్న పెద్ద చెట్టు చూపించాడు. అన్నిటికంటే ముందు నీరిచ్చేది అదే. గాన్యోన్ డబ్బా మూత తీశాడు. రోవీనా గబగబా మంచులో దిగి వచ్చి చెట్టుకీ గాన్యోన్‌కీ మధ్య నిలబడింది.

"నాన్నా, ఈ కొండ నీళ్లలో ఇసుక ఎప్పుడూ ఉంది."

"తప్పుకో అమ్మాయ్."

"అమ్మ కడిగేది. రోజూ."

అల్వా నవ్వబోయాడు. "ఎప్పుడు కడిగేది? రోజంతా పొయ్యి ముందు ఉండేది నేను."

"మధ్యాహ్నం భోంచేసి గంటన్నర పడుకునేవాడివి. నువ్వు గుమ్మం ఎక్కగానే మంట తగ్గించి, పెనం ఖాళీ చేసి, షెడ్డు వెనక ఉన్న రెండో పెనం ఎక్కించేది."

"అది మా నాన్న అవసరానికని దాచిన పెనం."

"మీ నాన్న కాదు, మీ అమ్మ చేయించింది. రెండూ ఒకే చేతి పని, ఒకే కొలత, నువ్వు పోల్చుకోలేకుండా. ఈ ఇంట్లో మగవాళ్లు కొండలో ఇసుక లేదనుకుంటారు, ఆ మాట పోనివ్వకు అని నానమ్మే అమ్మకి చెప్పిందట, పెళ్లయిన మొదటి మార్చిలో. నాకు పన్నెండో ఏట అమ్మ చెప్పింది."

గాన్యోన్ మెల్లగా డబ్బా మూత పెట్టేశాడు. "నేను బండిలో కూర్చుంటాను" అని వెనక్కి నడిచాడు.

"అబద్ధం" అన్నాడు అల్వా. "ఆ పెనం ఒక్క ఆడమనిషి ఎత్తగలిగేది కాదు."

"నేనున్నన్నాళ్లూ ఇద్దరం ఎత్తేవాళ్లం. నేను వెళ్లిపోయాక రెండు చెక్కలకి పందికొవ్వు రాసి వాటి మీద జార్చేది. ఏటా డజను జాడీల వెనిగర్ కొనేది చూశావుగా? ఎందుకనుకున్నావు?"

"దోసకాయ ఊరగాయకి."

"మార్చిలో దోసకాయలు ఎక్కడివి నాన్నా?"

ఆయన చెట్టుకి చెయ్యి ఆనించాడు. ప్రతి వసంతంలోనూ ఆమె చేతులు పగిలి ఎర్రగా ఉండేవి. ఊరగాయ కంపు కొడుతున్నావు, దూరంగా పడుకో అని ఎన్నిసార్లన్నాడో లెక్క లేదు. ఆమె నవ్వి అటు తిరిగి పడుకునేది.

"అయితే నువ్వెందుకు కడగలేదు?" అన్నాడు. "తెలిసి కూడా నిన్న పెనం మాడనిచ్చావు."

అది అడుగుతాడని రోవీనాకి తెలుసు. "మూడో మనిషిని అవదల్చుకోలేదు. నానమ్మ, అమ్మ, తర్వాత నేనా? అడుగు తెల్లబడితే నీకే తెలుస్తుందనుకున్నాను. ఇన్నాళ్లూ ఎవరు కడిగారో అని ఒక్కసారైనా అనుకుంటావని చూశాను. నువ్వేమో చెట్లదే తప్పన్నావు." ఆమె కళ్లు తుడుచుకుంది. "అమ్మ మీద ప్రేమతో చేశాననుకున్నాను. కోపంతో చేశాను. ఈ చెట్టు కొట్టేస్తే ఆ పాపం నాదే."

"ఎన్నాళ్లు చూశావు?"

"పదకొండు రోజులు."

"పదకొండేళ్లు చూసినా నాకు తట్టేది కాదు" అన్నాడు అల్వా.

ఆయన బండి దగ్గరికి నడిచి గాన్యోన్‌తో రెండు మాటలు చెప్పాడు. గాన్యోన్ తలూపి, బండి వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయాడు. అల్వా తిరిగి వచ్చి నేరుగా షెడ్డులోకి వెళ్లాడు. ఇద్దరూ మాడిన పెనం చెరో పక్క పట్టుకుని షెడ్డు వెనక్కి మోశారు. నాలుగడుగులకే ఆయనకి ఆయాసం వచ్చింది.

షెడ్డు నీడలో అక్కడింకా మంచు కరగలేదు. రోవీనా వేడినీళ్లు పోసి, వెనిగర్ కలిపింది. ఆయన ఇనప బద్ద అందుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"బద్ద వద్దు. గీత పడితే ఆ గీతలోనే ఇసుక ఇంకా ఎక్కువ పడుతుంది. నానాక చెక్కతో రుద్దితే చాలు. తర్వాత మంచినీళ్లతో రెండుసార్లు కడగాలి, పులుపు వాసన ఉండకూడదు."

"ఎంతసేపు నానాలి?"

"సాయంత్రం దాకా."

అల్వా చొక్కా చేతులు మడిచి, ఆ నీళ్లలో వేళ్లు ముంచాడు. పగిలిన గోళ్ల చివర్లలో భగ్గుమంది. చెయ్యి తీయలేదు. నలభై ఒక్క సీజన్లు, సీజన్‌కి ముప్పై రోజులు. పెదవులు కదుపుతూ గుణించబోయి, మధ్యలో ఆపేశాడు.

"ఇది నానుతుండగా మీ అమ్మ ఏం చేసేది? కాసేపు కూర్చునేదా?"

రోవీనా చెప్పకుండా ఉండటం ఇక చాలనుకుంది.

"లోపలికి వెళ్లి నీకు కాఫీ పెట్టేది. నువ్వు లేచి, ఇంకా అవలేదా, మధ్యాహ్నమంతా ఏం చేస్తున్నావు అని అరిచేవాడివి."

అల్వా తలూపాడు. గుర్తుంది, అదే మాట. మోకాళ్ల మీద మంచులో కూలబడి, రెండు చేతులూ మోచేతుల దాకా ఆ పెనంలో ఉంచుకుని, పెద్దగా ఏడ్చాడు. రోవీనా పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది. ఊరుకోమనలేదు.