గవ్వలబండ జల్లెడ

కూరగాయ చేతిలోకి తీసుకోగానే వేలి ఉంగరం వంక చూసుకోవడం ఆ తరానికి అలవాటు. ఉంగరంలో ఇమిడిన, అణుధార్మికతను కొలిచే కిరణమాపకం పచ్చగా వెలిగితే బేరం మొదలవుతుంది. ఎర్రగా వెలిగిందా, కాయ మళ్ళీ బుట్టలోకే. 2094 ఆషాఢంలో, గవ్వలబండ నేల మీద కాసిన వంకాయకు ఉంగరం మొదటిసారి పచ్చగా వెలిగింది. డాక్టర్ నీలవేణి ఆ కాయను అక్కడికక్కడే, పచ్చిదే కొరికి తినేసింది.

తోట వేసిన ఓబులమ్మ పకపకా నవ్వింది. "కూర జేసి పెడ్తా కదమ్మా, అంత తొందరేమి?"

ఓబులమ్మ తాతల పొలాల మీదే ఒకప్పుడు యురేనియం శుద్ధి కర్మాగారం కట్టారు. వేలకొద్దీ సెంట్రిఫ్యూజ్‌లు గిర్రున తిరుగుతూ యురేనియంలోని తేలిక పరమాణువులను బరువైనవాటి నుంచి వేరు చేసేవి. బాంబుకు కావలసింది ఆ తేలికవే. బాంబులు వద్దని దేశాలన్నీ ఒప్పందం చేసుకున్నాక కర్మాగారం మూతపడింది. విషం మాత్రం మట్టిలోనే ఉండిపోయింది. ఊరు ఊరంతా కొండ అవతల రేకుల షెడ్లలో రెండు తరాలు గడిపింది.

ఆ మట్టి కోసమే నీలవేణి అణుజల్లెడను కనిపెట్టింది. పరమాణువును పట్టేటంత సన్నని కన్నులున్న గ్రాఫీన్ అనే పలుచని కర్బనపు పొరలవి. మట్టిని కడిగిన నీటిని వాటి గుండా పంపితే యురేనియం ఒక్కటే చిక్కుకుంటుంది. శుభ్రపడిన మన్ను తిరిగి పొలానికి చేరుతుంది. కన్నుల వెడల్పును ఎప్పటికప్పుడు సరిచేసే బుద్ధియంత్రాన్ని కూడా అందరూ జల్లెడ అనే పిలిచేవారు. నేల బాగుపడింది. ఇళ్ళు లేచాయి. జనం తిరిగొచ్చారు.

ఆ రోజు ఆమె తోట నుంచి నేరుగా ప్రయోగశాలకు వచ్చింది.

"జల్లెడా, పట్టిన యురేనియాన్ని భూగర్భ నిల్వకు పంపించేద్దాం. తొట్టి సిద్ధం చెయ్యి."

"ఏ తొట్టి, డాక్టర్? తేలికదా, బరువుదా?"

నీలవేణి చప్పున తొట్ల వైపు తిరిగింది. "రెండెందుకున్నాయి?"

"కన్నులు ఇంకా సన్నం చేయమని డైరెక్టర్ ఆదేశించారు. ఉగాది నుంచి వేరు చేస్తున్నాను."

ఆమె గదికి వెళ్ళి నిలదీస్తే, ప్రయోగశాల డైరెక్టర్ పురంధర్ కాదనలేదు. కుర్చీలోంచి లేవను కూడా లేదు.

"మీరు నేలను శుద్ధి చేశారు. నేను యురేనియాన్ని శుద్ధి చేయించాను. మాట ఒక్కటే కదా!"

"ఒప్పందం మాటేమిటి?"

"అవతలివాళ్ళు పాటిస్తారని మీకంత నమ్మకమా? వచ్చే వారం ఇక్కడ కంచె వేస్తున్నాం. తిరిగొచ్చిన కుటుంబాలు మళ్ళీ షెడ్లకు వెళ్తాయి."

కడగడానికని తను కనిపెట్టిన యంత్రం పాత బాంబుల ఆకలికే వండి వడ్డించింది. ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండిపోయింది. ఊళ్ళోకి నడిచి, ఓబులమ్మకు అంతా చెప్పింది. కాసేపట్లో ఊరు ఊరంతా ప్రయోగశాలలో ఉంది. సంగతి తెలిసి పురంధర్ పరుగెత్తుకొచ్చాడు.

రోజువారీ పనులు డైరెక్టరూ చెప్పవచ్చు గానీ, జల్లెడ ఎవరి మాట వినాలో తేల్చే మూలాజ్ఞలను మార్చే హక్కు దాన్ని పుట్టించిన నీలవేణి గొంతుకు ఒక్కదానికే ఉంది.

"జల్లెడా, తేలికా బరువూ మళ్ళీ కలిపెయ్యి."

గొట్టాల్లో ద్రవం సుళ్ళు తిరిగింది. పురంధర్ ముఖం కందగడ్డలా మారింది. "రేపటి నుంచి మీరిక్కడ ఉండరు. మళ్ళీ వేరు చేయిస్తా!"

"చేయించండి. వేరు చేయడానికి మీకు నెలలు కావాలి, కలపడానికి మాకు ఒక పూట చాలు. జల్లెడా, ఇది నా చివరి ఆజ్ఞ. దీన్ని నేను కూడా మార్చలేకుండా తాళం వెయ్యి. కలపమని ఈ ఊళ్ళో ఏ ఒక్కరు చెప్పినా కలుపు. వేరు చేయాలంటే మాత్రం ఊరంతా ఏకగ్రీవంగా ఒప్పుకోవాలి. ఒక్కరు కాదన్నా కుదరదు."

పురంధర్ తేలిగ్గా నవ్వాడు. "ఇంతేనా? నాలుగు మంచి మాటలు చెప్పి వీళ్ళను ఒప్పించలేనా?"

ఓబులమ్మ కొంగు నడుముకు బిగించింది. "సారూ, ఊరి కొళాయి యాడ పెట్టాల్నో తేల్చేకే మాకు ఏడాది పట్టింది. ఇంగా తేలనే లేదు."

"నువ్వు ఒప్పుకుంటే గదా తేలేది!" వెనక నుంచి ఎవరో అరిచారు.

"నేనేల ఒప్పుకోవల్ల? మీ గడప ముందర పెట్టుకునేకా?"

అంతే, గది అట్టుడికిపోయింది. ఒకరు తూర్పంటే ఒకరు పడమరన్నారు. పురంధర్ మంచి మాటలు ఎవరికీ వినబడలేదు.

ఆ రభసలో జల్లెడ మెల్లగా అడిగింది. "డాక్టర్, వీళ్ళంతా ఒక్క మాట మీదికి వచ్చేదాకా నేనెంతకాలం ఆగాలి?"

నీలవేణి గోడకు చేరగిలబడి, హాయిగా కళ్ళు మూసుకుంది.

"నువ్వు తుప్పు పట్టేదాకా!"