నేరేడు రంగు సంచి

"నేను దొంగను కాదు మేడం."

మాబున్ని ఇంకా కుర్చీలో కూర్చోనే లేదు. జమ్మలమడుగు బస్టాండు ఎదురుగా మేడ మీదున్న ఆ ఒంటిగది ఆఫీసుకు వచ్చేవాళ్లలో సగం మంది ఈ మాటతోనే మొదలుపెడతారు. ముబారక్ అలవాటుగా నోట్‌బుక్ తీశాడు. డిటెక్టివ్ అన్నమ్మ దగ్గర అతను అసిస్టెంటుగా చేరి రెండేళ్లయింది. ఆమె ముందు అబద్ధమాడి నెగ్గుకొచ్చిన మనిషిని ఇంతవరకూ చూడలేదు.

అన్నమ్మ హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరైంది. చిన్నప్పుడు మిషన్ హాస్టల్లో నేర్చిన క్రోషా అల్లిక మాత్రం ఆమెను వదల్లేదు. కేసు వింటూ కూడా చేతిలో కొక్కెం సూది ఆడిస్తూనే ఉంటుంది.

"కూర్చోమ్మా. దొంగవని ఎవురన్నారు? మొదటి నుంచి చెప్పు" అంది, తల ఎత్తకుండానే.

మాబున్ని చెప్పింది. ప్రొద్దుటూరులో ఆసియా అనే ఆమె చేతి అల్లిక సంచుల సెంటర్ నడుపుతోంది. పన్నెండు మంది ఆడవాళ్లు పని చేస్తారు. మాబున్ని మూడు నెలలు కష్టపడి నేరేడు రంగు దారంతో కొత్త రకం సంచి తయారుచేసింది. అడుగుభాగం పువ్వులా విచ్చుకుని చదునుగా నిలబడాలి. పదకొండుసార్లు విప్పి అల్లితే గానీ కుదరలేదు. రేపు హైదరాబాదు నుంచి వచ్చే షాపువాళ్లకు దాన్నే చూపించాలని ఆసియా బీరువాలో దాచింది. ఈ పొద్దున గుడ్డ మూట విప్పితే లోపల సంచి లేదు, నేరేడు రంగు దారం కుప్ప ఉంది.

"సంచికి కట్టే చీటీ మీద పేరు ఆసియక్కది ఏస్తారని కడుపుమంటతో నేనే దొంగతనంగా ఊడబీకినానంట మేడం. ఆసియక్క అందరి ముందరా దొంగ అనింది. తాళంచెవి నా కాడే ఉంటాది. సాయంత్రం స్టేషన్‌కు పోతామంటాండారు. ఇంక నేను ఆ ఈదిలో తలెత్తుకుని యెట్ల తిరగాల?"

ఆమె కంట్లో నీళ్లు లేవు.

"నిన్న బీరువా ఎన్నిసార్లు తెరిచినావు?"

"రెండుసార్లు. మధ్యాన్నం మాకు దారం తెచ్చి ఏసే కార్తీక్ వచ్చినాడు. ఉండలన్నీ తనే సర్దుతాననె, నేను టీ తెచ్చేదానికి పోయినా. సాయంత్రం భారతమ్మక్క కత్తెర తీసుకునింది."

అన్నమ్మ లేచింది. "పదప్పా ముబారక్. ప్రొద్దుటూరు బస్సు పట్టుకుందాం."

సెంటర్లో ఆసియా కళ్లు ఎర్రబడి ఉన్నాయి. ఆ కుప్పను చూడలేక అప్పుడే ప్లాస్టిక్ కవర్లో కుక్కి మూతి కట్టేసిందట. ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. అన్నమ్మ కవరు విప్పి, దారం కొస పట్టుకుని వేళ్ల మధ్య బారెడు లాగింది. అది ఎక్కడా తట్టుకోకుండా సాఫీగా జారింది. ముబారక్‌కు అందులో వింతేమీ కనిపించలేదు.

"మాబున్ని సంచిని ఏరుకున్నందుకు నీకు కోపం రాలేదా భారతమ్మా?" అని అడిగింది అన్నమ్మ.

అక్కడ అందరికంటే ముందు నుంచి పనిచేస్తున్న భారతమ్మ దాచుకోలేదు. "వచ్చింది. పదేళ్లనుంచి ఈడ ఉండా. వస్తే మాత్రం? అల్లిన దాన్ని విప్పేదానికి చెయ్యెట్లొస్తాది మేడం?"

అన్నమ్మ నవ్వి ఆసియా వైపు తిరిగింది. "ఐదు గంటల దాకా కంప్లైంట్ వద్దు. ఆ టైముకు కార్తీక్‌ను కూడా పిలిపించు. ముబారక్, నువ్వు పులివెందులకు పో. కార్తీక్ ఆడ కూడా దారం ఏస్తాడని ఇందాక ఆసియా చెప్పింది కదా. ఆడ సంచులల్లే ఇండ్లు నాలుగో ఐదో ఉంటాయి. నేరేడు రంగు యాడ కనపడినా నాకు ఫోన్ చెయ్."

మూడో ఇంట్లోనే కనపడింది. రజిని అనే ఆమె గడపలో కూర్చుని, ఒళ్లో సంచి తిరగేసి పెట్టుకుని, అడుగు వరసలు లెక్కబెడుతోంది. ముబారక్ ఫోన్లో, "మేడం, సంచి చెక్కుచెదరలేదు! ఇక్కడ ఒకామె దగ్గరుంది. ఈమెకు ఇచ్చింది ఎవరంటే..." అన్నాడు.

"నాకు తెలుసులేప్పా. ఆమెను పిలుచుకుని రా."

ఐదయ్యేసరికి సెంటర్లో అందరూ చేరారు. కార్తీక్ కూడా వచ్చి, పాపం మాబున్ని అన్నట్టు ముఖం పెట్టి గోడకానుకుని నిలబడ్డాడు. ముబారక్ రజినిని బయట ఆటోలోనే ఉంచి లోపలికి వచ్చాడు. అన్నమ్మ తను అల్లుతున్న తెల్ల సంచిని బల్ల మీద పెట్టి, కొస పట్టుకుని బర్రున నాలుగు వరసలు విప్పేసింది. ఆ దారాన్ని కవర్లోని నేరేడు దారం పక్కన పరిచింది.

"కార్తీకూ, ఈ రెంటికీ తేడా ఏంది?"

"మీది తెలుపు, అది నేరేడు మేడం. అంతేగా?"

ఆడవాళ్లంతా ఒక్కసారిగా ముందుకు వంగారు. భారతమ్మ నోటి మీద చెయ్యేసుకుంది. "యా అల్లా!" అంది ఆసియా.

"వంకర్లు!" భారతమ్మ అరిచినంత పని చేసింది. "విప్పిన దారం వంకర్లు పోతాది. ఇది చూడు, ఎంత తిన్నగుందో! ఇది యాడా అల్లిందే కాదు, కొత్తది!"

"ఒకసారి అల్లిన దారం నీళ్లలో తడిపి ఆరేస్తే గానీ తిన్నగా కాదు," అంది అన్నమ్మ. "ఈ గదిలో సూది పట్టిన ఎవురికైనా అది తెలుసు. మాబున్ని పదకొండుసార్లు విప్పింది, ఆమెకు తెలీదా? ఇది దారం అమ్మేదే తప్ప అల్లడం తెలీని మనిషి చేసిన పని. సంచి పోయిందంటే ఎతుకుతారు. పాడైపోయిందంటే ఏడ్చి ఊరుకుంటారు. మాబున్ని టీకి పోయినప్పుడు సంచిని దారం తెచ్చిన ఖాళీ గోతంలో ఏసుకుని, మూటలో కొత్త దారం కుప్ప పెట్టినాడు."

"నాకేం అవసరం మేడం?" కార్తీక్ గొంతు పెంచాడు.

"ఆ అడుగు ఫోటో చూసి అల్లేది కాదు. సంచి చేతిలో ఉండాల, వరసలు లెక్కబెట్టాల. అట్లాంటివి నువ్వే అల్లించి ఆ షాపువాళ్లకు ముందుగా చూపించాలనుకున్యావు. ముబారక్!"

ముబారక్ తలుపు తీశాడు. రజిని నేరేడు రంగు సంచితో లోపలికి వచ్చి కార్తీక్‌ను చూసింది. "నీ సొంత మాదిరి అంటివే అన్నా?" అంది. కార్తీక్ తల దించుకున్నాడు.

ఆసియా గబగబా సంచి అందుకుని గుండెకు అదుముకుంది. "అల్లా దయ, దొరికింది. ఈయప్ప సంగతి స్టేషన్‌లో చూసుకుందాం. రాండి, రేపటికి శానా పనుంది."

అందరూ కదిలారు. మాబున్ని మాత్రం కదల్లేదు.

"అక్కా, పొద్దున ఇంతమంది ముందర నన్ను దొంగ అంటివి. వాళ్లంతా ఈడే ఉండారు."

ముబారక్ ఎక్కడ చూడాలో తెలియక నోట్‌బుక్‌లోకి చూశాడు. ఆసియా నడి గదిలోకి వచ్చి సంచిని మాబున్ని చేతుల్లో పెట్టింది.

"మాబున్ని దొంగ కాదు. నేనే కానిమాట అన్యా, తప్పు నాదే. ఈ సంచి ఈమెది. చీటీ మీద పేరు కూడా ఈమెదే ఏస్తా. అందరూ విన్యారు కదా?"

విన్నామన్నారు. పొద్దుటి నుంచి ఒక్క చుక్క రాల్చని మాబున్ని అప్పుడు, అందరి మధ్యా నిలబడి, బిగ్గరగా ఏడ్చేసింది.