రౌడీ పసిగట్టింది

"మీ కుక్క నా పుస్తకంలో పదమూడు చోట్ల మొరిగిందండీ!"

తలుపు తీసిన కార్పెంటర్ బిక్కమొహం వేశాడు. ఎదురింటి ఆమె పుస్తకాలు చదివి ఆడియో రికార్డు చేస్తుంది. గొంతులో తేనె, ముక్కు మీద కోపం.

"దీని కాలు విరిగిందండీ. నెల రోజులు బయటికి తిప్పొద్దన్నాడు డాక్టర్. ఏం తోచక మొరుగుతోంది."

కాలికి కట్టుతో రౌడీ దీనంగా చూసింది. ఆమె కోపం సగం అక్కడే కరిగిపోయింది.

"ఈ మొరుగుడు పడలేకే శనివారం వేరే ఇంటికి మారిపోతున్నాను. అప్పటిదాకా దీనికి పని పెడదాం. నేను చదువుతున్నది కుక్కల పెంపకం పుస్తకమే!"

ఆ సాయంత్రమే ఆట మొదలైంది. బిస్కెట్ ముక్కల్ని తువ్వాల్లో చుట్టారు, బోర్లించిన కప్పుల కింద పెట్టారు. రౌడీ ముక్కుతో ఇల్లంతా గాలించి, పావుగంటకే అలసిపోయి గురక పెట్టింది.

"చూశారా? పుస్తకంలో ఉన్నదే జరిగింది," అంది ఆమె గొప్పగా.

"మీరు చదువుతుంటే వింటూ నాకూ నిద్రొచ్చేస్తుంది."

"ఏమన్నారు?"

"అంటే... హాయిగా అని!"

నాలుగు రోజుల్లో మొరుగుడు ఆగింది, రికార్డింగ్ పూర్తయింది. అయినా ఆమె సామాన్ల వ్యాన్ వద్దనలేదు. ఉండిపోవాలనే ఉంది, అతనంటే ఇష్టం. కానీ అతను అడక్కుండా ఉండిపోవడానికి ఆత్మాభిమానం అడ్డొచ్చింది. అతనేమో చెక్కతో తప్ప మనుషులతో మాట్లాడడం రానివాడు.

శుక్రవారం ఆఖరి పాఠం. యజమాని వాసన ఉన్న వస్తువును వెతకాలి. మధ్యాహ్నాలు ఆమె లేనప్పుడు ఈ పాఠం తనే నేర్పించానని అతని ధీమా. తన గ్లౌజును బీరువా వెనక దాచి, "వెతుకు!" అన్నాడు.

రౌడీ కుంటుకుంటూ నేరుగా వచ్చి ఆమె కాళ్ల దగ్గర కూర్చుంది. మళ్లీ పంపారు. మళ్లీ అక్కడికే వచ్చింది.

ఏ వాసన దగ్గర బిస్కెట్ దొరికితే కుక్క ఆ వాసననే వెతుకుతుందని ఆమె చదివింది.

"నిజం చెప్పండి. ఏం దాచి నేర్పించారు?"

అతను చెవుల దాకా ఎర్రబడ్డాడు. "మొదటిరోజు మీరు మర్చిపోయిన స్కార్ఫ్."

"దానికోసం ఇల్లంతా తిరగేశాను!"

"రోజూ ఇచ్చేద్దామనే అనుకున్నా. ఇచ్చేస్తే మీ గుర్తుగా ఇంకేం మిగలదుగా... వెళ్లకండి. మీరంటే నాకిష్టం."

ఆమె అతని ముందే ఫోన్ తీసి అమ్మకు కలిపింది.

"అమ్మా, రేపు వ్యాన్ వద్దని చెప్పేయ్."

"అదేంటే? కుక్క నోరు మూసిందా?"

"అది ఎప్పుడో మూసిందమ్మా. ఇవాళ దాని యజమాని నోరు తెరిచాడు."